‘సైనిక కుటుంబాల విహార పథకం’ పేరిట అమ్ముతున్న సభ్యత్వాలతో జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో స్థిరపడిన మాజీ సైనికులకు, ఇప్పటికీ సర్వీసులో ఉన్నవారి కుటుంబాలకు ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. సైనికుల కోసమే రూపొందించిన విహార పథకమని, ఒకసారి సభ్యత్వం తీసుకుంటే ఏటా వారం రోజులపాటు దేశంలో కోరిన చోట కుటుంబంతో బస చేయవచ్చని చెప్పి ఒక ప్రైవేటు సంస్థ మన వైపు సభ్యత్వాలు అమ్ముతోంది. మా కుటుంబం అందులో చేరింది. ఆ సంస్థకు సైన్యంతో గాని, సైనిక సంక్షేమ శాఖతో గాని ఏ సంబంధమూ లేదన్న సంగతి డబ్బు కట్టిన తరువాత బయటపడింది.

వస్తు ప్రదర్శనలు జరిగే చోట లక్కీ డ్రా కూపన్లు నింపించి, వృత్తి అనే గడిలో ‘మాజీ సైనికుడు’ అని రాసినవారిని వీరు ఏరుకుంటారు. కొద్ది రోజులకు ఫోన్ వస్తుంది. బహుమతి వచ్చిందని, దాన్ని అందుకోవడానికి హోటల్‌కు భార్యాభర్తలిద్దరూ కలిసే రావాలని గట్టిగా చెబుతారు. ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అని లేచి వచ్చే వీలు ఎవరికీ ఉండకూడదన్నదే ఆ షరతు వెనుక ఉన్న ఉద్దేశం. హాలు నిండా మువ్వన్నెల అలంకరణ, సరిహద్దుల్లో జవాన్ల ఫోటోలు, మాట వినపడనంత సంగీతం ఉంటాయి. ఎవరైనా సంతకం పెట్టగానే గంట మోగించి చప్పట్లు కొట్టిస్తారు. మాతో మాట్లాడిన వ్యక్తి తాను రిటైరైన సుబేదారునని చెప్పుకున్నాడు గాని, ఏ రెజిమెంట్, ఏ శిక్షణ సెంటర్ అని అడిగితే మాట దాటవేశాడు. నిజమైన ఫౌజీ అయితే అడగకముందే ఆ రెండూ చెప్పి, ఆపైన తన పోస్టింగుల కథ మొదలుపెట్టేవాడు.

1,60,000 రూపాయల సభ్యత్వాన్ని సైనిక కుటుంబాలకు 95,000కే ఇస్తున్నామని, ఆ ధర ఆ ఒక్క సాయంత్రానికే వర్తిస్తుందని అన్నారు. మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ సంస్థ కేంద్రీయ సైనిక బోర్డు ఆమోదం ఉందని నోటితో చెప్పి, తెర మీద ఆ పేరును చూపించారు. మేము కార్డు మీద 25,000 కట్టి, మిగిలినది నెలసరి వాయిదాలకు ఒప్పుకున్నాము. పూర్తి ఒప్పందపత్రం మాత్రం తరువాత కొరియర్‌లో వచ్చింది. అందులో సైన్యం అన్న మాట గాని, సైనిక బోర్డు ప్రస్తావన గాని, రాయితీ ఊసు గాని ఎక్కడా లేవు. ఏటా కట్టవలసిన నిర్వహణ రుసుము, దాన్ని పెంచే అధికారం పూర్తిగా సంస్థదేనన్న షరతు, కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబోమన్న షరతు, వివాదం వస్తే ఎక్కడో దూరపు నగరంలోని కోర్టుకే వెళ్లాలన్న షరతు మాత్రం చిన్న అక్షరాల్లో ఉన్నాయి. హాలులో చెప్పినదేదానికీ సంస్థ కట్టుబడి ఉండదని కూడా చివరి పుటలో ముద్రించుకున్నారు.

సైనిక కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ముందస్తు బుకింగ్ నిబంధన. గది కావాలంటే 90 రోజుల ముందు తేదీలు ఖరారు చేయాలి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, డిసెంబర్ చివరి వారం మినహాయింపు రోజులు, అంటే అప్పుడు సభ్యులకు గది ఇవ్వరు. ఇచ్చిన తేదీ మారితే ఆ ఏడాది హక్కు పోయినట్టే. మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ కాగితం మీద ఉంటాయి గాని, అవి ఏ తేదీల్లో దొరుకుతాయన్నది యూనిట్ అవసరాన్ని, ఎక్సర్‌సైజులను (యుద్ధాభ్యాసాలను), పోస్టింగును బట్టి తేలుతుంది. మంజూరైన సెలవు కూడా రైలెక్కే ముందు రోజు రద్దు కావచ్చు. మూడు నెలల తరువాత ఫలానా వారంలో ఇంటికి వస్తానని ఏ జవానూ మాట ఇవ్వలేడు. ఇచ్చినా, ఆ వారం పిల్లల సెలవులతో కలవాలి. కలిసిందంటే అది మినహాయింపు రోజుల్లోనే పడుతుంది. ఈ షరతును రాసినవారికి సైనికుడి సెలవు గురించి ఏమీ తెలియదని మొదట అనుకున్నాను గాని, బాగా తెలిసే రాశారని ఇప్పుడు నా అభిప్రాయం, ఎందుకంటే వాడుకోలేని సభ్యత్వమే వారికి లాభం.

అసలైన సౌకర్యాలు ఎలా నడుస్తాయో తెలిస్తే ఈ మోసం వెంటనే పసిగట్టవచ్చు. కేంద్రీయ సైనిక బోర్డు రక్షణ మంత్రిత్వ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం కింద పనిచేస్తుంది. రాష్ట్రాల్లో, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉంటాయి. సైనిక్ రెస్ట్ హౌసుల్లో గది కావాలంటే గుర్తింపు కార్డు చూపి దరఖాస్తు చేసుకుంటాము, ఉన్న రోజులకు నామమాత్రపు అద్దె చెల్లిస్తాము, అంతటితో లెక్క ముగుస్తుంది. నైనితాల్ వంటి చోట్ల ఉన్న ఆర్మీ హాలిడే హోములకూ దరఖాస్తు పద్ధతే ఉంది. వీటిలో దేనికీ జీవితకాల సభ్యత్వం ఉండదు, వాయిదాలు ఉండవు, హోటల్ హాలులో అమ్మే ఏజెంట్లు అసలే ఉండరు. విమాన టిక్కెట్లపై తామే రాయితీ ఇప్పిస్తున్నట్టు ఆ సంస్థ చెప్పుకుంది. సైనికులకు, మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి కొన్ని విమానయాన సంస్థలు ఆ రాయితీని నేరుగానే ఇస్తున్నాయి. గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు, దానికి మధ్యలో ఎవరూ అక్కరలేదు.

ఆ సంస్థ ప్రచార పుస్తకంలో లక్నవరం చెరువు పేరు, వేలాడే వంతెన బొమ్మ కూడా ఉన్నాయి. అక్కడి హరిత కాటేజీలు రాష్ట్ర పర్యాటక సంస్థవి. ఎవరైనా అద్దె కట్టి బుక్ చేసుకోవచ్చు. ములుగు దారిలోనే ఉన్న లక్నవరానికి, పాలంపేట రామప్ప గుడికి పోయి రావడానికి వరంగల్ వాళ్లకు సభ్యత్వం దేనికో నాకు అర్థం కాలేదు.

మరొక ముఖ్యమైన విషయం ఉంది. అర్హత పరిశీలన పేరుతో డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), మాజీ సైనికుల గుర్తింపు కార్డుల నకళ్లు అడుగుతారు. పి.పి.ఓ.లో మన పెన్షన్ వివరాలు, కుటుంబ సభ్యుల వివరాలు ఉంటాయి కనుక, ప్రైవేటు అమ్మకందారుకు దాని నకలు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చినవారు తమ బ్యాంకు శాఖకు తెలియజేసి, పెన్షన్ ఖాతాపై కన్నేసి ఉంచాలి.

సంతకం పెట్టినవారు వెంటనే చేయవలసినది రద్దు కోరుతూ ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపడం. ఫోనులో వారిచ్చే హామీలకు సాక్ష్యం ఉండదు. కార్డు మీద కట్టిన సొమ్ము గురించి బ్యాంకుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. అలా చేయకుండా వాయిదాలు ఆపితే వడ్డీ మన మీదే పడుతుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. దూరపు కోర్టు షరతు చూసి భయపడనవసరం లేదు: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. మేము ఆ దారిలోనే ఉన్నాము. ఇంకా డబ్బు రాలేదు.

ఇదే తరహా ఒప్పందం చేతిలో ఉన్నవారు కూపన్ ముక్క, వారు పంపిన వాట్సాప్ సందేశాలు, కార్డు రసీదు, కొరియర్ కవరు మీది తేదీ సహా అన్నీ భద్రపరచుకోండి. ఒప్పందపత్రం సంతకం తరువాతే చేతికి వచ్చిందని రుజువు చేసేది ఆ కవరే.