తె బొతే: అసలు పాటా, రీమిక్సా?

స్పానిష్‌లో ‘తె బొతే’ అంటే ‘నిన్ను వదిలించుకున్నా’ అని. బ్రేకప్ పాట, ఏడుపు తక్కువ, పొగరు ఎక్కువ. 2017 చివర్లో వచ్చిన అసలు పాట ప్యూర్టోరికో కుర్రాళ్లు నియో గార్సియా, కాస్పర్ మాహికో, డారెల్‌లది. 2018 ఏప్రిల్ రీమిక్స్‌లో ఒసునా, బ్యాడ్ బన్నీ, నికీ జామ్ కలిశారు.

నిడివి: అసలుది పొట్టిది. రీమిక్స్ దాదాపు ఏడు నిమిషాలు.

గొంతులు: అసలుదానిలో ముగ్గురే, ఎవరు పాడుతున్నారో తేలిగ్గా తెలుస్తుంది. రీమిక్స్‌లో ఆరుగురు. ఒసునాది సన్నటి తీపి గొంతు. బ్యాడ్ బన్నీది ముక్కులోంచి వచ్చే బరువైన గొంతు, ప్రేమ పోయిందన్న సంగతి కూడా విసుగ్గా చెబుతాడు. ఈ తేడా కోసమైనా రీమిక్స్ వినాలి.

రిస్క్: రెండింట్లోనూ పచ్చి మాటలున్నాయి. స్పానిష్ తెలిసిన పెద్దల ముందు స్పీకర్‌లో వద్దు.

ఈ పాటల బాణీ అయిన రెగెటాన్ (లాటిన్ అమెరికా డాన్స్ సంగీతం) మీకు కొత్తయితే రీమిక్సే వినండి, ఒక్క పాటలో ఆరుగురు పరిచయమవుతారు. డాన్స్ ఫ్లోర్‌కీ, రాత్రి కారు ప్రయాణానికీ అదే. స్పానిష్ నేర్చుకుంటూ మాటలు పట్టుకోవాలంటే, లేదా ఏడు నిమిషాల ఓపిక లేకపోతే, అసలు పాట చాలు.