వంకర గోడకి వాష్‌బేసిన్ గ్రానైట్: గాడి మేలా, పట్టీ మేలా, సిలికాన్ సరిపోతుందా?

పై పోర్షన్‌లో వాష్‌బేసిన్ కౌంటర్ వేయించామని చెప్పినప్పట్నుంచీ అందరూ ఇదే అడుగుతున్నారు, గోడ వంకరగా ఉంది, గ్రానైట్‌కీ గోడకీ మధ్య సందొస్తోంది, ఏం చెయ్యాలి అని. మూలమట్టానికి సరిగ్గా ఉన్న బాత్రూమ్ గోడ నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

నా లెక్కలో ముందు చూడాల్సింది టైల్స్ పడ్డాయా లేదా అన్నదే. ఇంకా పడకపోతే ఆలోచించక్కర్లేదు, గోడలో అరంగుళం గాడి కొట్టించి గ్రానైట్ స్లాబ్ అంచు అందులోకి దూర్పించి, టైల్‌ని దాని మీదకి దింపించండి. వంకరంతా గాడిలో దాక్కుంటుంది, నీళ్ళు కూడా టైల్ మీంచి స్లాబ్ మీదకి జారతాయి గానీ వెనక్కి దిగవు. రెండు పక్కలా గోడలుంటే ఒక పక్క గాడి లోతుగా కొట్టి, స్లాబ్‌ని అటు పూర్తిగా దూర్చి ఇటు లాక్కోవాలి. భయమల్లా ఆ గోడలో ఉండే కన్సీల్డ్ పైపుల గురించే. ప్లాస్టరింగ్‌కి ముందు తీసిన ఫొటోలు లేకపోతే కట్టర్ పెట్టనివ్వకండి.

టైల్స్ వేసేశాకే గొడవంతా. మాకు పక్క గోడ దగ్గర ముందు 2 ఎంఎం, వెనక మూలకి 14 ఎంఎం సందు తేలింది. మేస్త్రి "వైట్ సిమెంట్ కొట్టేద్దాం సార్, కనపడదు" అన్నాడు. పాతింట్లో ఆ వైట్ సిమెంటే పగిలి నల్లబడి, ఎంత రుద్దినా పోలేదు, అందుకే వద్దన్నా. ఫ్యాన్ డబ్బా అట్ట తెచ్చి, దాని తిన్నటి అంచు గోడకి ఆనించి, 15 ఎంఎం చెక్కముక్కకి పెన్సిల్ ఆనించి పట్టుకుని గోడ వెంబడే జరుపుకుంటూ పోయాం, గోడ వంకర ఉన్నదున్నట్టు అట్ట మీదకి దిగింది. ఆ గీత మీద కోసి, ఓసారి పెట్టి చూసుకుని, అప్పుడు గ్రానైట్ మీద గీసుకున్నాం. దీనికి స్లాబ్ అంగుళం వెడల్పు ఎక్కువ తెచ్చుకోవాలి, పూట కూలీ అదనం. అయినా ఇప్పుడు సందు ఏ చివర చూసినా 2 ఎంఎమ్మే.

అందరూ చెప్పే పట్టీ, అంటే వెనకాల 3 అంగుళాల గ్రానైట్ ముక్క నిలబెట్టడం, చవకే, వెనక గోడకి పర్లేదు కూడా. కానీ పట్టీ తిన్నగా ఉంటుంది, గోడేమో వంకర, దాంతో కింద సందు కాస్తా పట్టీ పైకెక్కి కంటికెదురుగా కూర్చుంటుంది. పక్క గోడకి నేనైతే వెయ్యను.

సందు 3, 4 ఎంఎం లోపే అయితే ఇవేవీ అక్కర్లేదు, సిలికాన్, అంటే ట్యూబ్‌లో వచ్చే సందులు పూడ్చే జిగురు, చాలు. మార్బుల్ అయితే మాత్రం వెనిగర్ వాసనొచ్చేది వద్దు, మరక పడుతుంది, న్యూట్రల్ అని అడిగి తీసుకోండి.

గోడంతా చెక్కి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించడం ఉంది, డబ్బులు ఎక్కువైతే. రెడీమేడ్ యూనిట్ కొన్నా గోడ అదే గోడ, సందు అదే సందు.