జాగ్రత్త: ‘పామాయిల్ లేని సబ్బు’ కొనే ముందు పెట్టె వెనకవైపు చదవండి

గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు తాంబూలం సంచుల్లో పెట్టి ఇద్దామని 60 సబ్బులు కొన్నాను. ఒక్కొక్కటి 140 రూపాయలు. ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సంస్థ. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పెట్టె ముందువైపు పచ్చని ఆకు, కొమ్మ పట్టుకుని వేలాడే ఒరాంగుటాన్ అనే వానరం బొమ్మ, కింద ‘పామాయిల్ లేదు, వర్షారణ్యాలకు హాని లేదు’ అన్న మాట. ప్లాస్టిక్ డబ్బాలు పంచేకన్నా ఇది ఎంతో నయమనుకున్నాను. ఈ సబ్బు కోసం ఏ అడవినీ నరకలేదని నా చేత్తో చీటీలు రాసి మరీ ప్రతి సంచిలో పెట్టాను.

వారం తిరక్కుండానే మా వదిన ఫోను చేసింది. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. “పెట్టె వెనక ఏం రాశారో చూశావా?” అని అడిగింది.

చూడలేదు. చీమ తలకాయంత అక్షరాలు, అవీ లేత ఆకుపచ్చ కాగితం మీద తెల్లటి రంగులో. ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదివితే మొదటి పేరే సోడియం పామేట్. రెండోది సోడియం పామ్ కర్నలేట్. పామ్ పండు గుజ్జులోంచి తీసిన నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే వచ్చేది మొదటిది. అదే పండు గింజలోని పప్పు నూనెతో వచ్చేది రెండోది. జాబితాలో ఎక్కువ ఉన్న పదార్థాన్నే ముందు రాస్తారు. అంటే ఆ సబ్బులో సింహభాగం పామాయిలే. పైన పటారం, లోన లొటారం.

అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు ఇంకా బాధపెట్టింది. నూనె సబ్బుగా మారిపోయింది కాబట్టి అందులో ఇక పామాయిల్ లేనట్టేనట! గట్టిగా నిలదీస్తే, సబ్బు ముడిసరుకు తాము బయట కొంటామని, రంగు, వాసన మాత్రమే కలుపుతామని ఒప్పుకున్నారు. ఆ ముడిసరుకును సోప్ నూడుల్స్ అంటారు, సేమియా ముక్కల్లా ఉంటాయి. మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు పామ్ నూనెతో చేసినవే. ‘చేతితో చేసిన’ అన్న మాట చూసి మోసపోకండి. చెయ్యి ఎవరిదైనా, నూనె ఎక్కడిదన్నదే ప్రశ్న.

డబ్బు పోయినందుకు నేను ఇంత బాధపడటం లేదు. బోర్నియో, సుమత్రా దీవుల్లో తప్ప ఒరాంగుటాన్ అడవిలో మరెక్కడా బతకదు. మూడు జాతులున్నాయి, మూడూ అంతరించే అంచున ఉన్నాయి. మూడో జాతిని 2017లోనే గుర్తించారు. ఉత్తర సుమత్రాలోని తపనూలి కొండల్లో ఉండే ఆ జాతిలో మిగిలినవి 800 కూడా లేవు. తల్లి ఏడెనిమిదేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. రాత్రయ్యేసరికి కొమ్మలు వంచి, ఆకులు పరిచి చెట్టు మీదే పక్క వేసుకుంటుంది. ఆ చెట్లే పోతే దానికి పక్క వేసుకునే చోటే లేదు. ఆకులు, వేళ్లు వేల ఏళ్లుగా నీటిలో నాని పేరుకున్న పీట్ నేలల్లో కాలువలు తవ్వి, ఎండబెట్టి, నిప్పు పెట్టి పామాయిల్ తోటలు వేశారు. 2015లో ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలిపోవడానికి ఆ ఎండిన నేలలు పెద్ద కారణం. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. అలాంటప్పుడు ఆ జంతువు బొమ్మనే పెట్టె మీద వేసి అబద్ధం అమ్మడం నాకు క్షమించరాని పనిగా అనిపించింది.

జంగారెడ్డిగూడెం దగ్గర మా బాబాయికి పామాయిల్ తోట ఉంది. ఈ గొడవంతా విని, “అయితే నేను కోసే గెలలు కూడా పాపమేనా అమ్మా?” అని అడిగాడు. కాదు బాబాయ్. అది తాతయ్య పొగాకు వేసిన పొలం, అడవి కాదు. ఎకరానికి సోయా ఇచ్చే నూనెకన్నా పామ్ ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తుంది. అందరం దాన్ని మానేసి వేరే నూనెలకు మారితే ఇంకా ఎక్కువ నేల కావాలి. తప్పు చెట్టుది కాదు, దాన్ని ఏ నేలలో నాటారన్నదే లెక్క. అందుకే, పామాయిల్ వాడుతున్నామని చెప్పి, పర్యావరణానికి హాని తగ్గించి పండించిన పామాయిల్‌కు ఇచ్చే ఆర్ఎస్పీఓ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ గుర్తు వేసుకున్న సబ్బు, లేదని అబద్ధం చెప్పే సబ్బుకన్నా నా దృష్టిలో మేలు. ఆ గుర్తు కింద ‘మిక్స్‌డ్’ అని ఉంటే ధ్రువీకరించిన నూనెతో మామూలు నూనె కూడా కలిసిందని అర్థం. అది కూడా చూసుకోండి.

నిజంగా కొబ్బరినూనెతోనే చేసిన సబ్బైతే సోడియం కోకోయేట్ అని ఉంటుంది. ‘వెజిటబుల్ బేస్’ అని మాత్రమే రాసి ఊరుకుంటే ఏ నూనె అని రాతపూర్వకంగా అడగండి. ఎలాయిస్ గినీన్సిస్ అని కనిపిస్తే అది పామ్ చెట్టు శాస్త్రీయనామం.

ఇప్పటికే మోసపోయి ఉంటే పెట్టె పారేయకండి. రెండువైపులా ఫొటో తీసి, బిల్లుతో సహా దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. పర్యావరణం పేరు చెప్పి సరుకు అమ్మేవాళ్లు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయండి, నేను రాశాను. సగం డబ్బు తిరిగిస్తామని మొన్న కబురు పంపారు. ఒప్పుకోలేదు. ముందు పెట్టె మీద ఆ మాట తీసేయమన్నాను.

సబ్బులు అందుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, నా చీటీలో రాసింది నిజం కాదని చెబుతున్నాను. ఇంకా 18 ఇళ్లు మిగిలాయి.