బేస్‌బాల్ స్కోర్‌బుక్: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

గుంటూరులో స్కూలు రోజుల్లో క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేవాణ్ణి. 2005లో శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి అక్కడి బేస్‌బాల్ జట్టు జెయింట్స్ ఆటలు చూడటం మొదలయ్యాక చెయ్యి ఊరుకోలేదు. స్ప్రింగ్ బైండింగ్ ఉన్న స్కోర్‌బుక్ కొన్నాను. అదే రకంలో ఇప్పుడు ఏడోది నడుస్తోంది.

కాగితం మందంగా ఉంటుంది, పెన్సిల్‌తో రాసి నాలుగుసార్లు చెరిపినా చిరగదు. ప్రతి గడిలో నాలుగు బేస్‌ల ఆకారంలో చిన్న డైమండ్ ముందే అచ్చువేసి ఉంటుంది. బ్యాటర్ ఎంతవరకు పరిగెత్తాడో దానిమీద గీత గీస్తే చాలు. ఒక్కో ఫీల్డర్ స్థానానికి ఒక అంకె ఉంటుంది: షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి బంతి వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3. ఇబ్బందల్లా తొమ్మిది ఇన్నింగ్స్ తర్వాత స్కోరు సమమైతే ఆడే అదనపు ఇన్నింగ్స్‌తోనే. పదికే గడులు అయిపోతాయి. 2020 నుంచి పదో ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ మీద ముందే ఒక రన్నర్ నిలబడుతున్నాడు, అతన్ని రాయడానికి చోటే లేదు. 2023లో బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక తల దించి రాసేలోపే ఇంకో బంతి పడిపోతోంది.

నాకు ప్రాణమైన పేజీ 2007 ఆగస్టు 7ది. ఐదో ఇన్నింగ్స్, 3-2 కౌంట్ (మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు), జెయింట్స్ బ్యాటర్ బారీ బాండ్స్ 756వ హోమ్‌రన్. హ్యాంక్ ఆరన్ 755 రికార్డు దాటిపోయింది. ఊగిపోతున్న జనం మధ్య రాస్తుంటే పెన్సిల్ మొన విరిగింది. ఆ గుంట గడిలో ఇప్పటికీ వేలికి తగులుతుంది.

"బావా, ఆ గడి పక్కన ఒక స్టార్ గుర్తు పెట్టు" అంటాడు మా బావమరిది, పుస్తకం తీసినప్పుడల్లా. బాండ్స్ స్టెరాయిడ్లు వాడి కొట్టాడేమోనన్న అనుమానం నాకూ ఉంది. 2011లో జ్యూరీ బాండ్స్‌ను స్టెరాయిడ్ల విచారణలో న్యాయానికి అడ్డుపడ్డాడని దోషిగా తేల్చింది, 2015లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కు పత్రికా రచయితలు వేసే ఓటింగ్‌లో ఆఖరి అవకాశంలో 66 శాతం ఓట్లు వచ్చాయి, కావాల్సినవి 75. అయినా స్టార్ పెట్టను. బంతి స్టాండ్‌లో పడటం నా కళ్లతో చూసి రాశాను.

2012 పుస్తకంలో మాత్రం ఎర్ర పెన్ను వాడాను. జెయింట్స్ బ్యాటర్ మెల్కీ కాబ్రెరా .346 సగటుతో కొడుతూ ఆగస్టులో టెస్టోస్టెరాన్ పరీక్షలో దొరికిపోయాడు. నా పేజీల్లో అతని పేరు పక్కన అతనికి పడ్డ నిషేధం, "50 మ్యాచ్‌లు" అని ఉంటుంది. సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో శిక్ష పూర్తయినా టీమ్ అతన్ని పిలవలేదు, అతను లేకుండానే ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. "శిక్షలు వేసే పరీక్షలు 2004లోగానీ రాలేదు. అంతకుముందు వాడినవాడు దొరికేదెలా బావా?" అంటాడు వాడు. ఆ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

టీమ్ భవిష్యత్తు మీదా ఇద్దరికీ పడదు. 2025లో 81 గెలుపులు, 81 ఓటములు. మా పాత క్యాచర్ బస్టర్ పోజీ చేతికి జట్టు నిర్వహణ పగ్గాలొచ్చాయి, బ్యాటర్ డెవర్స్ వచ్చాడు, ఇక తిరుగులేదని వాడి ధీమా. నేను చూసి రాసిన ఆటల్లో బేస్‌ల మీదే మిగిలిపోయిన రన్నర్లను లెక్కపెడితే నాకంత నమ్మకం కుదరడం లేదు.

ఎనిమిదో పుస్తకం ఆర్డర్ పెట్టాను, వాడికీ ఒకటి కలిపి. వాడి పేజీలో స్టార్ ఎక్కడ పెట్టుకుంటాడో వాడిష్టం.