నరసరావుపేటలో హార్మోనియం మరమ్మతు దుకాణం: ఒక నాటక కళాకారుడి సమీక్ష

నాటక సమాజాలతో ఊరూరా తిరిగే హార్మోనిస్టులకు, పద్య నటులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. పల్నాడు జిల్లా నరసరావుపేటలో, మార్కెట్ వైపు ఒక సన్నని సందులో, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన హార్మోనియం మరమ్మతు దుకాణం ఒకటి ఉంది. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. ‘పెట్టెలు బాగుచేసే పెద్దాయన’ అని అడిగితే వీధిలో ఎవరైనా చూపిస్తారు. పనితనంలో కోస్తా జిల్లాల్లో నేను చూసిన దుకాణాలన్నింటికంటే దీనినే ముందు నిలబెడతాను. ముక్కూ మొహం తెలియని మమ్మల్ని అక్కడివారు ఆదరించిన తీరును ఆ పనితనం నుంచి విడదీసి చెప్పడం నాకు సాధ్యం కాదు.

మేము విజయనగరం వైపు నుంచి కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చాము. మహాశివరాత్రి నాడు చుట్టుపక్కల గ్రామాలవారు 80, 90 అడుగుల ఎత్తున విద్యుద్దీపాలతో అలంకరించిన ప్రభలను త్రికోటేశ్వర స్వామి కొండ దిగువకు తరలించి, వాటి దగ్గర తెల్లవార్లూ ప్రదర్శనలు ఏర్పాటు చేస్తారు. జాగరణకు కూర్చున్న జనం పద్యం బాగుంటే ‘వన్స్ మోర్’ అని మళ్లీ పాడించుకుంటారు. అటువంటి రాత్రికి కొన్ని గంటల ముందు, నరసరావుపేటలో సామాను దింపుతుండగా హార్మోనియం బస్సు పైనుంచి జారి పడింది. తెరిచి చూస్తే గాలి నింపే తిత్తి మూల చిరిగి గాలి పోతున్నది. మధ్య స్థాయిలో రెండు మెట్లు, అంటే వేలితో నొక్కే మీటలు, పలకడం లేదు. మరికొన్ని అపశ్రుతిగా పలుకుతున్నాయి. పద్య నాటకంలో హార్మోనియం లేకపోతే నటుడికి శ్రుతి ఉండదు, రాగం అందించేవారుండరు, పద్యం చివర ఆలాపనలో గొంతుకు ఆసరా ఉండదు.

మమ్మల్ని కొండకు తీసుకువెళ్లవలసిన ఆటో డ్రైవరే మొదట ఈ దుకాణం మాట చెప్పారు. తిరునాళ్ల రోజున ఆటోవారికి ప్రతి ట్రిప్పూ ముఖ్యమే. అయినా ఆయన కిరాయి ఊసు ఎత్తకుండా బండి వెనక్కి తిప్పి, సందు మొదట్లో ఆగి, పెట్టెను స్వయంగా మోసుకొచ్చి గుమ్మంలో దించి, “చీకటి పడే వేళకు వస్తాను, మీరు నిదానంగా చేయించుకోండి మాస్టారూ” అని వెళ్లారు. చెప్పిన వేళకే వచ్చారు.

మేము వెళ్లేసరికి పెద్దాయన ఇంటిల్లిపాదితో కొండకు బయలుదేరి తలుపుకు తాళం వేస్తున్నారు. మా హార్మోనిస్టు విషయం చెప్పగానే పిల్లలను కొడుకు వెంట ముందు పంపించి, తాళం తీసి కూర్చున్నారు. ఆ తరువాత ఆయన చేసిన పనిని కొంత వివరంగా చెప్పాలి. పెట్టె విప్పకముందే ఆయన అడిగిన ప్రశ్న, “ఈ రాత్రి ఎవరెవరు ఏ శ్రుతిలో పాడతారు?” అని. మా కృష్ణ పాత్రధారి ఐదు శ్రుతిలోనూ, తక్కినవారు నాలుగు, నాలుగున్నరలలోనూ పాడతారని చెప్పాము. ఆ శ్రుతులకు షడ్జమ పంచమాలు, అంటే ‘స’, ‘ప’ స్వరాలు, అయ్యే మెట్లకు సుద్దతో గుర్తులు పెట్టుకుని, మిగిలినవాటి జోలికి పోకుండా ముందు వాటినే చక్కబరిచారు. సమయం చాలకపోయినా నాటకం ఆగకూడదని ఆయన వేసుకున్న లెక్క అది. రోజూ వేదిక ఎక్కే మాకు కూడా తట్టని ఆలోచన అది.

విరిగిన రీడుకు, అంటే గాలి తగిలి నాదం పలికే ఇత్తడి నాలుకకు, బదులు తన దగ్గర విడిభాగాల కోసం ఉంచుకున్న ఒక పాత పెట్టె నుంచి రీడు తీశారు. అది గుజరాత్‌లోని పాలిటానాలో తయారైన రీడు. హార్మోనియం రీడ్లకు ఆ ఊరికి ఉన్న పేరు మన వృత్తిలోనివారికి తెలిసినదే. ఇత్తడి రీడును కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. రెండు గీతలు ఎక్కువైతే రీడు పనికిరాకుండా పోతుంది. ఆయన ఒక్కొక్క గీత గీకి, రీడును బిగించి, వాయించి, మళ్లీ తీసి, కొత్త రీడు తన పక్కనున్న పాత రీడ్లతో కలిసి ఒకే గొంతుగా పలికేదాకా వదలలేదు. తిత్తి మూలకు పలుచని మేకతోలు అతికి, జిగురు ఆరేందుకు ఇంట్లోని టేబుల్ ఫ్యాను తెప్పించి పెట్టారు. ఆరేలోగా మెట్ల కింది తోలు ముక్కల్లో పేరుకున్న దుమ్మును కుంచెతో దులిపారు. మేము ఆ పని అడగలేదు, దానికి ఆయన డబ్బూ తీసుకోలేదు.

పని జరుగుతుండగా తమ దుకాణం సంగతి అడిగితే కొంచెం చెప్పారు. గమకాలు పలకవన్న అభ్యంతరంతో ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని దూరంగా ఉంచిన రోజుల్లో కూడా నాటకాలవారే తమ తండ్రికి ఇంత తిండి పెట్టారని, అందుకే నాటకం పెట్టె అంటే రేపు రమ్మనడానికి తమ ఇంట్లో నోరు రాదని అన్నారు. ఇక ఆయన తల్లిగారి సంగతి. ఆమె శివరాత్రి ఉపవాసంలో ఉండి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయినా రాత్రంతా పాడేవారు ఖాళీ కడుపుతో ఉంటే గొంతు లేవదని, పొయ్యి వెలిగించి మా అందరికీ వేడి అన్నం, పచ్చిపులుసు పెట్టి, వెళ్లేటప్పుడు మిరియాల పాలు ఒక చెంబులో పోసిచ్చారు. “చెంబు ఎప్పుడైనా ఇటు వచ్చినప్పుడు ఇవ్వండి నాయనా” అన్నారు. మేము మళ్లీ ఆ ఊరు వస్తామో రామో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

రీడు, తోలు, కూలి అన్నీ కలిపి ఆయన తీసుకున్నది 700 రూపాయలు. పండుగ పూట తలుపు తెరిపించినందుకు మరికొంత ఇవ్వబోతే, మామూలు రోజున ఎంతో ఈ రోజూ అంతేనని తిరిగి ఇచ్చేశారు. ఆ రాత్రి పెట్టె ఎక్కడా మొరాయించలేదు. ఆలాపన ఎంతసేపు సాగినా తిత్తిలో గాలి నిలిచింది. తరువాత మా ఊళ్లో మరొక నిపుణుడికి చూపిస్తే, మార్చిన రీడు ఏదో వినికిడితో ఆయన గుర్తుపట్టలేకపోయారు.

కొన్ని ఇబ్బందులు కూడా చెప్పడం న్యాయం. దుకాణంలో ఇద్దరు కూర్చుంటే మూడోవారికి చోటు ఉండదు. రసీదు ఇవ్వరు. పని ఎప్పటికి అవుతుందని అడిగితే ‘అయినప్పుడు’ అంటారే తప్ప వేళ చెప్పరు. తొందర ఉన్నవారికి ఇది కష్టంగా తోచవచ్చు, కానీ తొందరపెట్టినందువల్ల లాభమేమీ లేదు. పెట్టె పైచెక్కకు పాలిష్ పని ఆయన అంత శ్రద్ధగా చేయరు, మా పెట్టె మీద దెబ్బ మచ్చ అలాగే ఉండిపోయింది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలు, కీబోర్డులు అసలు ముట్టుకోరు. కొత్త హార్మోనియాలు అమ్మరు. నాదం విషయంలో మాత్రం నేను ఏ లోపమూ ఎత్తిచూపలేను.

శివరాత్రి, శ్రీరామనవమి రోజుల్లో ఆ చుట్టుపక్కల ప్రదర్శనలున్నవారు వీలైతే రెండు రోజులు ముందుగా వెళ్లి పెట్టె చూపించుకోవడం మంచిది. ఆ కుటుంబం తమ పండుగను మరోసారి ఆపుకోవలసిన అవసరం రాదు. లోపల అడుగుపెట్టగానే ఎవరు ఏ శ్రుతిలో పాడతారో చెప్పండి, సగం పని సులువవుతుంది. ఎక్కువ డబ్బు ఇవ్వజూపవద్దు. మీ సమాజంలో ఎవరూ వాయించకుండా మూలన పడి ఉన్న పాత పెట్టె ఉంటే అది తీసుకువెళ్లి ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటారు. తిత్తి చిరిగినా, చెక్కకు చెద పట్టినా ఫరవాలేదట. రీడ్లకు చిలుము పట్టకుండా ఉంటే చాలునని పెద్దాయన చెప్పారు.