ముందు షట్టరు, వెనక మండువా: పాండిచ్చేరిలో మూడు రోజులు

సంక్రాంతి రద్దీ తగ్గాక నేనూ మా ఆవిడా పాండిచ్చేరి వెళ్ళొచ్చాం. బీచ్ కోసం కాదు, ఒక ఇల్లు చూడ్డానికి. నా చిన్ననాటి స్నేహితుడిది యానాం. ఆ ఊరి పరిపాలనంతా పాండిచ్చేరి నుంచే కాబట్టి ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళాడు, అక్కడే స్థిరపడ్డాడు. వాడు అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మకి ఓ చిక్కొచ్చిపడింది. ఇంటిని హెరిటేజ్ జాబితాలో చేర్చమని అర్జీ పెట్టాలా, బిల్డరుకిచ్చి ఫ్లాట్లు తీసుకోవాలా? "ముప్పయ్యేళ్ళు సైట్లమీద తిరిగావు కదరా, ఓసారి వచ్చి గోడలు చూసి చెప్పు" అన్నాడు. సరే, ఎలాగూ వెళ్తున్నాం కదా అని మూడు రాత్రులకి రూములు బుక్ చేశాను.

చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీదుగా బస్సులో నాలుగు గంటలు పట్టింది. దారి బాగుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

మొదటి రాత్రి వైట్ టౌన్‌లో, అంటే ఫ్రెంచివాళ్ళ వీధులున్న వైపు. పేరులోనే హెరిటేజ్ ఉన్న హోటలు, రాత్రికి 6,800. బయట పసుపు గోడ, తెల్ల అంచులు, కాగితంపూల తీగ. ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది. లోపలికెళ్తే లిఫ్టు, ఫాల్స్ సీలింగ్, విట్రిఫైడ్ టైల్స్. ఎత్తు గోడలు ఒక్క వీధివైపే మిగిల్చి, వెనకదంతా పడగొట్టి కాంక్రీటు ఫ్రేములో మళ్ళీ కట్టారు. స్లాబు బీమ్ చూస్తే తెలిసిపోతుంది. మా కిటికీ తెరిస్తే జనరేటరు. పొద్దున్న వేడినీళ్ళు రాలేదని కిందకెళ్ళి అడిగితే రిసెప్షన్ కుర్రాడు, "ఓల్డ్ బిల్డింగ్ కదా సార్" అన్నాడు. ఆ బిల్డింగులో ఓల్డ్‌దేదన్నా ఉంటే ఆ గీజరే!

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచాం. అక్కడ అందరూ ఫోటో దిగే తెల్లటి భవనం మేరీ, అంటే ఫ్రెంచివాళ్ళ నాటి టౌన్ హాల్. పాతది 1870ల మొదట్లో కట్టారు. చాలా ఏళ్ళు పట్టించుకోకపోతే 2014 నవంబరులో వానలకి కుప్పకూలింది. ఇప్పుడు మనం చూసేది అదే రూపంలో మళ్ళీ కట్టి 2021లో తెరిచింది. బాగా కట్టారు, కాదనను. ఊరు మొత్తంలో ఎక్కువమంది ఫోటో తీసుకునే పాత భవనం వయసు నా స్కూటరు కంటే తక్కువ. నేను చూడబోయే ఇల్లు దీనికి సరిగ్గా తలకిందులు.

పెద్ద కాలవ దాటితే ఊరి మొహం మారిపోతుంది. కాలవకి తూర్పున ఫ్రెంచి వీధులు, పడమర తమిళుల వీధులు. చాలామంది టూరిస్టులు తూర్పున కాఫీ తాగేసి వెళ్ళిపోతారు. నన్నడిగితే సగం రోజు పడమటికే ఇవ్వాలి. ముందు కాల్వే సుబ్బరాయ చెట్టి వీధికి వెళ్ళండి. వాడుకలో వైశ్యాల్ వీధి అంటారు. 2000ల మొదట్లో యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే ఆసియా అర్బ్స్ పథకం కింద, పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు అక్కడి ఇళ్ళ ముందుభాగాలు బాగుచేశారు. 2008లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. వీధి పొడుగునా కర్ర స్తంభాల మీద వాలు పెంకుల కప్పు, దాని వెనక అరుగులు. ఆ చూరు కింది జాగాని తాళ్‌వారం అంటారు. దారినపోయేవాడు ఎండకీ వానకీ ఆగడానికి కట్టుకున్నది. మా ఆవిడ ఒక అరుగు మీద పది నిమిషాలు కూర్చుంది, ఎవరూ లేవమనలేదు.

ఆ పక్క వీధుల్లోనే మా వాడి ఇల్లు. వీధి పేరు రాయను, ఓనరమ్మకి ఇష్టం ఉండదు.

బయటినుంచి చూసి నాకు నీరసమొచ్చింది. తాళ్‌వారం లేదు. అరుగులో ఎడమ సగం కొట్టేసి జెరాక్సు షాపు పెట్టారు, రోలింగ్ షట్టరుతో సహా. కుడివైపు గోడకి నడుం ఎత్తుదాకా బాత్రూం టైల్స్. "ఇదా నువ్వు చూడమన్నది?" అన్నాను. "లోపలికి రారా ముందు" అన్నాడు మా వాడు.

లోపల మండువా, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. మన గోదావరి జిల్లాల లోగిళ్ళలో ఉండేదే, వాళ్ళు ముట్రం అంటారు. నాలుగు పక్కలా టేకు స్తంభాలు. వాన పడకుండా పైన పాలీకార్బనేట్ షీటు బిగించడంతో వెలుగంతా ఆకుపచ్చగా, చేపల తొట్టిలో ఉన్నట్టుంది. తల ఎత్తి చూస్తే ముందు గదుల మీద మద్రాసు టెర్రస్ చెక్కుచెదరకుండా ఉంది. టేకు దూలాల మీద సన్నటి ఇటికెలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి గానుగ సున్నంతో కలిపిన మిద్దె అది. ఇప్పుడు అలా వేసే మేస్త్రీ దొరకడం కష్టం. వెనక హాలు మీద మాత్రం ఆర్‌సీసీ స్లాబు. ఎప్పుడో ఓ తుపానుకి కూలితే వేయించారట.

గోడల మీద వేలికణుపులతో కొట్టుకుంటూ వెళ్ళాను. సున్నపు గార ఉన్నచోట మెత్తటి చప్పుడు, మీద సిమెంటు పూసినచోట డొల్ల చప్పుడు. సిమెంటు తేమని బయటికి పోనివ్వదు. అందుకే గోడల అడుగున రెండడుగుల ఎత్తు చవుడెక్కి పొడి రాలుతోంది. అది ఇంటి రోగం కాదు, వైద్యం వల్ల వచ్చిన రోగం.

షాపులో నాకో స్తంభం దొరికింది. సగం గోడలో పూడ్చేశారు, సగం బయటికుంది. నీలం ఎనామిల్ రేగిపోయినచోట కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నల్లటి కర్ర. పైన తామరమొగ్గ చెక్కడం. ఆ మొగ్గలోకే మేకు దిగ్గొట్టి, కలర్ ప్రింటు పది రూపాయలు అని లామినేట్ చేసిన అట్ట వేలాడదీశాడు షాపు కుర్రాడు. నేను అదే పనిగా చూస్తుంటే, "ఎన్ని కాపీలు సార్?" అన్నాడు.

ఇక పై అంతస్తు. వీధివైపు కమాను కిటికీలు, గోడకి అతికినట్టున్న గార స్తంభాలు, పిట్టగోడకి గళ్ళు. ఫ్రెంచి వాటం. కింద తమిళ ఇల్లు, మీద ఫ్రెంచి మేడ. ఈ ఊళ్ళో ఇది మామూలే. మార్కెట్ దగ్గర ఆనంద రంగపిళ్ళై మేడ ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా చేసి, ఏళ్ళ తరబడి దినచర్య రాసుకున్న మనిషి ఆయన. ఆ ఇల్లూ ఇలాగే, కింద కర్ర స్తంభాలు, మీద గార స్తంభాలు. ఇక్కడి మేడ ఓనరమ్మ మామగారి తండ్రి వేయించాడట. అంటే ఇది కూడా ఒకనాటి మార్పే. మార్పు జరిగిన ఇంటికి విలువ లేదంటే ముందు ఈ మేడని తీసెయ్యాలి. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టరు కూడా అదే అంటుంది: కట్టడం మీద ఒక్కో కాలం చేర్చిన విలువైన పనిని గౌరవించాలి, అంతా ఒకే శైలికి తేవడం లక్ష్యం కాదు. మరి జెరాక్సు షాపు కూడా ఒక కాలం చేర్చిందే కదా అని మా వాడు ఎదురడిగాడు. నిజమే. కానీ మేడ ఇంటికి ఒకటి కలిపింది, షట్టరు ఉన్నది మింగింది. నాకు తేడా అక్కడే కనిపించింది.

నా లెక్క సైటు మనిషి లెక్క. పాలీకార్బనేట్ షీటు ఒక్కరోజు పని. టైల్స్ ఊడదీస్తే కొంత గార కూడా వస్తుంది, మళ్ళీ సున్నంతోనే పూయాలి. షాపు గోడ అడ్డగోడే, బరువు మోయడం లేదు, తీసెయ్యొచ్చు. తాళ్‌వారం దూలాలు గోడలో దిగిన బొక్కలు ఇంకా కనిపిస్తున్నాయి కాబట్టి ఊహించుకోకుండానే మళ్ళీ కట్టొచ్చు. తిరిగిరానిది వెనక హాలొక్కటే. ముందుభాగం, మండువా, మేడ, మద్రాసు టెర్రస్ కాపాడి, వెనక వాళ్ళకి కావలసినట్టు కట్టుకోనిస్తే సరిపోతుంది. హెరిటేజ్ జాబితాలో మొదటి గ్రేడు అడిగితే నవ్వుతారు, కింది గ్రేడుకి మాత్రం నిస్సందేహంగా తగింది.

ఓనరమ్మకి డెబ్బై దాటాయి. మా వాడు తమిళంలోకి చెబుతుంటే అంతా విని ఒకటే అడిగింది. "జాబితాలో పెడితే మిద్దె కారినప్పుడు ఎవరిస్తారు డబ్బు?" నా దగ్గర జవాబు లేదు. వైశ్యాల్ వీధిలో అప్పట్లో పథకం ఉండబట్టి ఇంటివాళ్ళకి తోడు దొరికింది. 1990ల్లో ఇన్‌టాక్ ఇక్కడ దాదాపు 1,800 పాత కట్టడాల లెక్క రాస్తే, అందులో వందల ఇళ్ళు ఇప్పుడు లేవు. పడగొట్టినవాళ్ళందరూ దురాశపరులేం కాదు. అలాగని జాబితా ఊరికే కాగితం అనడానికీ లేదు. మన హైదరాబాదులో రెగ్యులేషన్ 13 అనే నిబంధన కింద ఉన్న హెరిటేజ్ కట్టడాల జాబితాని 2015లో తీసేశారు. అక్కడి పాత ప్యాలెస్ ఇర్రమ్ మంజిల్‌ని కూల్చకుండా ఆపడానికి 2019లో హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మిగిలిన రెండు రాత్రులూ పడమటి వైపే ఒక ఇంట్లో ఉన్నాం. నాలుగే గదులు, రాత్రికి 3,400, పొద్దున్న ఇడ్లీ, పొంగల్ వాళ్ళే పెట్టారు. ఏసీ ఉన్నా వేసుకోలేదు, మండువా నుంచి గాలి వచ్చేది. బాత్రూంలు కొత్తవి, ఒక మూలన గోడని ముట్టుకోకుండా విడిగా కట్టారు. నీళ్ళు వేడిగా వచ్చాయి. లోపాలంటే, మేడమెట్లు నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద గదే అడగండి. పార్కింగ్ లేదు. శని, ఆదివారాల్లో ధర దాదాపు రెట్టింపు చెప్పారు, మేం బుధ, గురువారాలు ఉన్నాం. ఆ ఇంటాయన తన ఖర్చుల పుస్తకం తీసి చూపించాడు. సున్నం పనికి ఎంతయింది, రెండేళ్ళకోసారి ఏం చేయించాలి, అంతా రాసుకున్నాడు. మా వాడు ఆ పేజీలు ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం ఆ ఫోటోలు ఓనరమ్మకి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ చదివింది. వేసవిలో ఆ ఆకుపచ్చ షీటు తీయిస్తానంది. బిల్డరుకి ఇంకా ఏమీ చెప్పలేదట. షాపు సంగతి అడిగితే, అగ్రిమెంటు ఇంకో రెండేళ్ళుంది, అద్దె నెలనెలా ఒకటో తారీఖుకే ఇస్తాడు, మంచి కుర్రాడు అంది.