అద్దె ఇళ్లు చూపించే ఆఫీసు: కాళ్లు చురుకే, నోరే పెగలదు

మా అమ్మాయికి తిరుపతి మహిళా యూనివర్సిటీలో సీటు రావడంతో చిత్తూరు నుంచి కాపురం మార్చాం. కొర్లగుంట వైపు ఇల్లు కావాలని ఒక ఏజెంటు ఆఫీసును పట్టుకున్నాం. పేరు రాయను. పని మాత్రం చకచకా చేశారు. మేం చెప్పిన అద్దెలోనే ఇళ్లు చూపించారు, నీళ్లకు ఇబ్బంది ఉన్నవాటిని వాళ్లే వద్దన్నారు. అందుకే ఒక్క స్టార్ పడేసి తిట్టడానికి మనసొప్పలేదు.

ఇల్లు చూపించిన కుర్రాడు వాస్తులో దిట్ట. ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో సంపు, అన్నీ వేలు పెట్టి చూపించాడు. కింద స్టోర్ రూములో మాత్రం గచ్చంతా పొడుగాటి గీతలు. గుమ్మం దగ్గర బండలు పగిలి ఉన్నాయి. మూల గోడకు మోకాలెత్తున ఎర్రటి మరక. "ఇదేంది బాబూ?" అంటే, "పాతవాళ్లు బీరువాలు జరిపారు మేడం, సున్నం కొట్టిస్తాం" అన్నాడు. సున్నం కొట్టించారు కూడా.

చేరిన కొత్తల్లోనే పాలు పోసే ఆమె గేటు దగ్గర నిలబడి, "దుంగలింట్లో దిగింది మీరేనామ్మా?" అంది. మాకు ముందున్నవాళ్లు ఆ గదిలో ఎర్రచందనం దాచారట, పోలీసులు వచ్చి పట్టుకున్నారట. వీధి వీధంతా చూసిందట. శేషాచలం కొండ కింద ఊరు కదా, ఇలాంటివి పేపర్లో చదువుతూనే ఉంటాం. అద్దెకున్న ఇంట్లోనే జరిగిందంటే గుండె జారింది. తర్వాత ఒక కానిస్టేబుల్ వచ్చి పాతవాళ్ల ఫోన్ నంబరు ఉందా అని అడిగాడు. మర్యాదగానే మాట్లాడాడు. అయినా మా ఆయన ఊళ్లో లేని రోజున గేటు చప్పుడైతే చాలు, టెన్షన్.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అది ఓనరు చెప్పాలి మేడం, మేం చూపించేవాళ్లమే" అన్నారు. చెన్నైలో ఉండే ఓనరేమో "ఏజెంటు చెప్పలేదామ్మా?" అన్నాడు. కమీషన్ మాత్రం ఒక నెల అద్దె, పైసా తగ్గించలేదు.

చిత్తూరు కోర్టులో వకీలుగా ఉన్న మా అన్నను అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఇంటిని వాడుకోవడానికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం పైకి కనబడకపోతే, తెలిసిన ఓనరు అద్దెకు వచ్చేవాళ్లకు చెప్పాలి. అమ్మేవాళ్లకైతే 55వ సెక్షన్ ఉంది. అయితే నేరం, కేసు అనే మాటలు అందులో లేవు, వాదించుకోవాల్సిందే అన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినా రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి, పోలీసు కేసులు రావు. బయటి దేశాల్లో అయితే ఇంట్లో జరిగిన చావు గురించి చెప్పడానికి లెక్కలున్నాయట. కాలిఫోర్నియాలో చావు జరిగి మూడేళ్లు దాటితే ఓనరు, ఏజెంటు తమంతట తాము చెప్పనక్కర్లేదట, కానీ నేరుగా అడిగితే మాత్రం అబద్ధం ఆడకూడదట. జపాన్లో 2021లో వచ్చిన మార్గదర్శకాల్లోనూ అద్దె ఇళ్లకు సుమారు మూడేళ్ల లెక్కే. ముసలితనంతోనో జబ్బుతోనో పోతే చెప్పక్కర్లేదు.

చావు సంగతి నాకు పట్టింపు లేదు. మా అత్తగారైతే శాంతి చేయించనిదే పాలు పొంగించనివ్వరు, అది వేరే విషయం. నాకు కావాల్సింది ఒకటే: ఆ పాతవాళ్ల కోసం ఎవరైనా ఇంకా ఈ గుమ్మం తొక్కుతారా? ఆడపిల్ల ఉన్న ఇంటికి ఇది చెప్పకుండా ఈశాన్యం గురించి గంటసేపు చెబితే ఏం లాభం?

ఓనరు మంచివాడే. తాళాలు మార్పించాడు, పాత కేసుతో మాకు సంబంధం లేదని అగ్రిమెంటులో ఒక లైను చేర్చాడు. అందుకే ఖాళీ చేయలేదు. ఏజెంటు ఆఫీసు మాత్రం ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు, ఇప్పుడు ఫోనూ ఎత్తదు.

వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు "ఈ ఇంట్లో పోలీసు కేసు ఏదైనా అయిందా?" అని వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే కమీషన్ ఇవ్వండి. ఎదురింటి ఇస్త్రీ బండి దగ్గర కూడా ఒక మాట వాకబు చేయండి. ఇళ్లు వెతికినందుకు రెండు స్టార్లు.